విత్తనం నాటి చూడండి: ఏ ఆన్‌లైన్ ఆట లోకం, ఏది కేవలం ఆట?

‘అంతులేని ప్రపంచం’ అన్న మాట లేని ఆన్‌లైన్ ఆట ప్రకటన ఈ మధ్య కనిపించడం లేదు. పటం పెద్దదైతే ప్రపంచమేనని, ఒకేసారి వందమంది కనిపిస్తే సమాజమేనని చెప్పేస్తున్నారు. ఒక సాయంత్రం కాలక్షేపానికైతే ఈ తేడాను పట్టించుకోనక్కర లేదు. కానీ నెలల తరబడి రోజుకో గంట వెచ్చించి, నలుగురితో పరిచయం పెంచుకుని, అక్కడ తనకంటూ ఒక పేరు సంపాదించుకోవాలనుకునేవారు మాత్రం తాము అడుగుపెట్టబోయేది లోకమా, లోకం బొమ్మ గీసిన తెరా అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. ఆ రెండూ మన నుంచి కోరేవి వేరు, మనకు ఇచ్చేవి వేరు.

దీన్ని తేల్చడానికి నేను వాడే పరీక్ష చిన్నది. అక్కడ ఒక విత్తనం నాటి, ఆట మూసేసి, మరునాడు వచ్చి చూడాలి. అది పెరిగిందా? పెరిగితే అది మీకు మాత్రమే కనిపిస్తోందా, పక్కవారికి కూడా కనిపిస్తోందా? మీరు లేనప్పుడు దాన్ని మరొకరు కోసుకుపోగలరా? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఆ ఆట ఎంతమేరకు లోకమో చాలావరకు తెలిసిపోతుంది.

ఈ చర్చ కొత్తది కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు ‘మడ్’ అనే ఆటను తయారు చేశారు. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అయినా ఒకరు తీసుకున్న వస్తువు మరొకరికి దొరికేది కాదు, ఒకరు అన్న మాట అదే గదిలో ఉన్న మరొకరికి వినిపించేది. ఆ తర్వాత బార్టిల్ ఇలాంటి లోకాల లక్షణాలను వివరంగా రాశారు. అందరికీ ఒకేలా వర్తించే నియమాలు ఉండాలి. ఆటగాడు అందులో ఒక పాత్రగా ఉండాలి. చేసిన పనికి ఫలితం అప్పటికప్పుడు కనిపించాలి. ఆ చోటు అందరికీ ఉమ్మడిగా ఉండాలి. ఎవరూ లేకపోయినా అది కొనసాగాలి. ఇందులో చివరి రెండింటి దగ్గరే నేటి ఆటలు ఎక్కువగా తప్పిపోతున్నాయి. పటం వైశాల్యం ఈ లక్షణాల్లో లేదన్నది గమనించాలి.

పాత్ర అనగానే ఒక విషయం గుర్తుకొస్తుంది. 1986లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ కమొడోర్ 64 కంప్యూటర్ల కోసం చేసిన ‘హాబిటాట్’లో ఆటగాడి బొమ్మకు ‘అవతార్’ అని పేరు పెట్టారు. మన మాటే అక్కడికి వెళ్లి తిరిగి మన దగ్గరికి వచ్చింది. మన వాడుకలో అవతారం కార్యం ముగిశాక చాలించేది. ఆ లెక్కన చూస్తే ఆ మాట లోకాలకన్నా మ్యాచ్ ఆటలకే చక్కగా సరిపోతుంది. మన దగ్గర ఇంటింటా తెలిసిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియానే తీసుకోండి. వందమంది దిగుతారు, సుమారు అరగంటలో ఒక్క జట్టు మిగులుతుంది, అందరూ అవతారం చాలిస్తారు. మీరు పగలగొట్టిన కిటికీ తర్వాతి మ్యాచ్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎరాంగెల్ పటం ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు ఉన్నా అది మైదానమే తప్ప ఊరు కాదు. ఇది లోపం కాదు. కబడ్డీ కోర్టులో ఎవరూ ఇల్లు కట్టుకోవాలనుకోరు. రోజుకు అరగంట మాత్రమే ఖాళీ దొరికేవారికి ఇంతకన్నా నిజాయితీ గల ఆట లేదు, వారు ఈ వ్యాసంలో మిగిలినది చదవనక్కర లేదు కూడా.

మూడు మడులు

ఇప్పుడు విత్తనం సంగతి. మైన్‌క్రాఫ్ట్‌లో నేలను దున్ని, నీటికి నాలుగు గడుల లోపు గోధుమ చల్లారనుకుందాం. మీరు దగ్గరలో తిరుగుతున్నంతసేపూ మొలక లేస్తుంది, ముదురుతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది. మీరు కొండ దాటి చాలా దూరం వెళ్లిపోతే, ఆ చుట్టుపక్కల వేరెవరూ లేకపోతే, పైరు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కంప్యూటర్ తన జ్ఞాపకంలోంచి ఆ భాగాన్ని పక్కన పెట్టేస్తుంది కాబట్టి, అక్కడ కాలమే నడవదు. వారం తర్వాత వచ్చినా అదే మొలక. అయితే ఆ మడి అందరిదీ. మీ తమ్ముడు వచ్చి కోసుకోగలడు, తొక్కి పాడు చేయగలడు, దాని మీద బంగళా కట్టగలడు. అంటే మైన్‌క్రాఫ్ట్ లోకం మనుషులు లేకపోతే నిద్రపోతుంది. ఉంటే మాత్రం వారు ఎలా మలిస్తే అలా మారుతుంది.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో సంగతి తిరగబడుతుంది. ఫలాడోర్ ఊరికి దక్షిణాన కూరగాయల మడులు, వాటి పక్కనే పూల మడి ఉన్నాయి. అక్కడ టమాటా వేసి, పక్కన బంతి నాటితే, పూసిన బంతి టమాటాకు తెగులు సోకకుండా కాపాడుతుంది. టమాటా తోటలో బంతిని ఎర పంటగా వేసే మన రైతులకు ఈ కిటుకు వేరే చెప్పనక్కర లేదు. మీరు ఆట మూసి నిద్రపోయినా పంట పెరుగుతూనే ఉంటుంది, తెగులు సోకితే చచ్చిపోతుంది కూడా. ఇంతవరకు అచ్చమైన లోకమే. కానీ అదే మడి దగ్గర అదే క్షణంలో నిలబడిన పక్క ఆటగాడికి మీ టమాటా కనిపించదు. అతని తెర మీద అక్కడ కలుపు మొక్కలు ఉండవచ్చు, బంగాళాదుంపలు ఉండవచ్చు. వేలమంది ఒకే మడిలో వేర్వేరు పంటలు పండిస్తారు, ఎవరి పంట ఎవరికీ అడ్డు రాదు. ఇది పొలం కాదు, పొలం రూపంలో ఉన్న ఖాతా పుస్తకం.

ఈవ్ ఆన్‌లైన్‌లో పొలాలు లేవు, చంద్రులు ఉన్నాయి. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మే నెలలో ప్రారంభించిన ఈ అంతరిక్ష లోకంలో ఒక ఆటగాళ్ల బృందం చంద్రుని పక్కన శుద్ధి కేంద్రాన్ని నిలిపి, చంద్రుని ఉపరితలం నుంచి ఒక పెద్ద ఖనిజ ఖండాన్ని లాగడం మొదలుపెడుతుంది. ఇందుకు కనీసం ఆరు రోజులు, గరిష్ఠంగా 56 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మీరు ఆఫీసులో ఉన్నా, పెళ్లిలో ఉన్నా ఖండం మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది. అనుకున్న గంటకు అది వచ్చి పగిలితే ఆ ఖనిజం అక్కడున్న అందరికీ కనిపిస్తుంది. తవ్వే ఓడ ఉన్న ఎవరైనా తవ్వుకోగలరు. కాబట్టి ఆ గంటకు మీవాళ్లు కాపలాకు రావాలి. పంట చేతికొచ్చే రాత్రి మంచె మీద ఎవరో ఒకరు పడుకోవలసిన అవసరం ఈ మూడింటిలో ఇక్కడ మాత్రమే ఉంది. నా దృష్టిలో లోకమంటే ఇదే. మీరు లేనప్పుడు జరగడం ఒక్కటే చాలదు, జరిగినది ఇతరులకూ తగలాలి.

దూరానికి ధర ఉందా?

రెండో పరీక్ష సంతలో చేయాలి. ఒక ఊళ్లో కొన్న సరుకును మరో ఊళ్లో అమ్మాలంటే ఎవరో ఒకరు దాన్ని మోసుకుపోవాలా, లేక ఎక్కడ పెట్టినా అన్ని చోట్లా కనిపిస్తుందా? రూన్‌స్కేప్‌లోని గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ రెండో రకం. అమ్మేవారు, కొనేవారు ఎదురుపడనక్కర లేకుండా బేరం కుదురుతుంది. సౌకర్యంగా ఉంటుంది, కానీ ఆ సౌకర్యం వచ్చిన చోట వర్తకుడనే వృత్తి పలచబడుతుంది, బండివాడు అసలే ఉండడు.

జర్మనీలో తయారై 2017లో విడుదలైన ఆల్బియన్ ఆన్‌లైన్ మొదటి రకానికి మంచి ఉదాహరణ. అక్కడ ప్రతి నగరానికీ దాని సొంత సంత ఉంది. థెట్‌ఫర్డ్‌లో లోహం కరిగించడం లాభం, లిమ్‌హర్స్ట్‌లో నార బట్ట, ఫోర్ట్ స్టెర్లింగ్‌లో కలప, మార్ట్‌లాక్‌లో తోలు, బ్రిడ్జ్‌వాచ్‌లో రాయి. కాబట్టి ధరలు ఊరూరికీ మారతాయి, ఆ తేడా మీదే కొందరి బతుకు నడుస్తుంది. మీరు ఒక బరువు మోసే ఎద్దును కొని, దాని మీద ఇనుము వేసుకుని, నడిమధ్యన ఉన్న కేర్లియన్ నగరానికి బయలుదేరారనుకోండి. ఎద్దు నడక తెలిసిందే. నీలం, పసుపు ప్రాంతాలు దాటేవరకు ప్రాణానికీ సరుకుకూ ముప్పు లేదు. ఎర్ర ప్రాంతంలోకి అడుగుపెట్టగానే తెర మీద హెచ్చరిక వస్తుంది. ఇక ఇక్కడి నుంచి మిమ్మల్ని చంపినవారిదే మీ మూట. దారి మలుపులో ముగ్గురు గుర్రాల మీద కనిపిస్తే వెనక్కి తిరగాలా, ముందుకు ఉరకాలా, వారు వేరే పని మీద వెళుతున్నారేమో చూడాలా అని తేల్చుకోవడానికి రెండు క్షణాలకన్నా ఎక్కువ ఉండదు. ఆ రెండు క్షణాల్లో గుండె కొట్టుకునే తీరు ఏ రాక్షసుడితో పోరాడినా రాదు, ఎందుకంటే పోయేది నిజంగా పోతుంది.

ఆల్బియన్‌లో నాకు మరింత నచ్చిన ఏర్పాటు కేర్లియన్‌లోని దొంగ బజారు. ఆటగాళ్లు తయారు చేసిన కత్తులు, కవచాలను ఆ బజారు కొంటుంది, ఆ తర్వాత అవే రాక్షసుల దగ్గర దోపిడీ సొమ్ముగా దొరుకుతాయి. అంటే అడవిలో ఒక భూతాన్ని కొట్టి మీరు తీసుకున్న కత్తి కూడా ఎక్కడో ఒక కమ్మరి ఆటగాడు కొలిమి దగ్గర కూర్చుని చేసి అమ్మినదే. చాలా ఆటల్లో వస్తువు శూన్యం నుంచి పుడుతుంది. ఇక్కడ ప్రతి వస్తువుకూ ఒక తల్లి ఇల్లు ఉంటుంది.

ఈవ్‌లోనూ ఇంతే. జీటా అనే ఒకే నక్షత్ర మండలం పెద్ద సంతగా మారింది. దాన్ని సంతగా చేసింది తయారీదారులు కాదు, ఆటగాళ్లే. అక్కడి నుంచి సరుకు చేరవేయడమే వ్యాపారంగా పెట్టుకున్న రవాణా సంస్థలు ఆటలోనే ఉన్నాయి, వాటికి హామీ సొమ్ము, గడువు, పరిహారం వంటి నిబంధనలన్నీ ఉన్నాయి.

లోకంలా ప్రవర్తిస్తే సరిదిద్దిన ఆట

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను ఈ వరుసలో ఎక్కడ పెట్టాలన్నది తేలిక కాదు. 2004 నవంబరులో మొదలైన ఈ ఆటకు ఉన్న ఊళ్లు, అడవులు, పండుగలు, కథలు మరే ఆటకూ లేవనిపిస్తుంది. కానీ ఎల్విన్ అడవిలో హాగర్ అనే, హైనాను పోలిన నోల్ జాతి నాయకుడిని మీరు ఓడిస్తే కాసేపట్లో మళ్లీ లేచి నిలబడతాడు. అతని పని పట్టమని అడిగినవారు మీ వెనక వచ్చినవారినీ అదే మాట అడుగుతారు. మీరు ఊరిని రక్షించారు, అయినా ఊరికి ఆ సంగతి తెలియదు. పైగా పెద్ద గుహలు, కోటలన్నీ జట్టు జట్టుకూ వేరే నకలుగా తెరుచుకుంటాయి.

2005 సెప్టెంబరులో మాత్రం ఇది కొన్ని రోజులపాటు అనుకోకుండా లోకమైపోయింది. జుల్‌గురుబ్ అనే ప్రాచీన ఆలయ పట్టణంలో హక్కార్ అనే సర్పదేవుడు పోరాడేవారి మీద రక్తాన్ని కలుషితం చేసే శాపం వేసేవాడు. అది పక్కవారికి అంటుకుంటుంది, ఆ చోటు దాటి బయటకు రాకూడదు. కానీ శాపం తగిలిన పెంపుడు జంతువును అక్కడే మాయం చేసి, నగరంలోకి వచ్చాక మళ్లీ పిలిస్తే శాపం దాంతోపాటే వచ్చింది. నగరాల వీధుల్లో కొత్త ఆటగాళ్లు కుప్పలుగా పడిపోయారు. చావు లేని దుకాణదారులు తమకు ఏమీ కాకుండానే రోగాన్ని మోసి పంచిపెట్టారు. వైద్యం తెలిసినవారు కొందరు కూడళ్లలో నిలబడి సేవ చేశారు, మరికొందరు ఊరొదిలి అడవులు పట్టారు, ఇంకొందరు సరదా కోసం రోగాన్ని కావాలని అంటించారు. 2007లో ద లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో దీని గురించి పరిశోధన వ్యాసం కూడా వెలువడింది. తయారీదారులైన బ్లిజార్డ్‌కు ఇది దోషమే. సర్వర్లు తిరిగి ప్రారంభించి, మార్పులు చేసి ఆపేశారు. వారిని తప్పుపట్టడం లేదు, డబ్బు కట్టినవారు గుమ్మంలోనే చనిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. అయితే ఎంపిక చేసుకునేవారు గ్రహించవలసింది ఇక్కడే ఉంది. ఆ సంస్థ అమ్మేది చక్కగా నడిపించిన యాత్రను. చెల్లాచెదురైన జీవితం కోసం అక్కడికి వెళ్లకూడదు.

ఈవ్ దీనికి పూర్తిగా ఎదురు పక్షం. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలం మీద కట్టవలసిన ఆధిపత్య రుసుము ఒక కూటమి నుంచి చెల్లింపు కాలేదు. కరెంటు బిల్లు కట్టడం మరిచినంత చిన్న విషయం. శత్రువులు పసిగట్టి దిగారు. సుమారు 21 గంటల యుద్ధంలో 7,500 మందికి పైగా ఆటగాళ్లు పాల్గొన్నారు. సర్వర్ తట్టుకోలేక కాలాన్నే పదో వంతుకు మందగించింది. టైటాన్లనే అతిపెద్ద ఓడలు 75 నాశనమయ్యాయి. సంస్థ దేన్నీ వెనక్కి తిప్పలేదు. ఆ మండలంలో నాశనమైన ఓడల శిథిలాలను స్మారకంగా అలాగే ఉంచారు. ఇప్పుడు వెళ్లినా చూడవచ్చు.

అందుబాటు సంగతులు

సమయం గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఒకే కాలం నడిచే లోకంలో మనం ఏ గంటకు మేలుకుని ఉంటామన్నది పెద్ద విషయం. ఈవ్ సర్వర్ ప్రతిరోజూ గ్రీన్విచ్ కాలమానం ప్రకారం 11 గంటలకు, అంటే మన సాయంత్రం 4:30కి కాసేపు ఆగుతుంది. యూరప్ ఆటగాళ్ల రద్దీ మనకు అర్ధరాత్రి దాటాక ఉంటుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవారు యూరప్ కూటమిలో చేరితే నిద్ర పోతుంది. ఆస్ట్రేలియా, ఆసియా కాలమానాల్లో ఆడే బృందాన్ని వెతుక్కుంటే రాత్రి భోజనానికి ముందే సందడి దొరుకుతుంది. ఆల్బియన్‌కు 2023 నుంచి ఆసియాకు ప్రత్యేక సర్వర్ ఉంది. ఇది వేగానికి మేలు చేసినా, అంతకుముందున్న ఒకే లోకం దీంతో ముక్కలైందన్నదీ నిజం. డాలస్‌లో ఉన్న బంధువుతో కలిసి ఆడాలంటే ఇద్దరూ ఒకే సర్వర్‌ను ముందే ఎంచుకోవాలి, ఒక సర్వర్‌లో కట్టుకున్న జీవితాన్ని మరో దానికి మోసుకుపోలేరు.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఈవ్, ఆల్బియన్, రూన్‌స్కేప్ మూడింటినీ కొన్ని పరిమితులతో ఉచితంగా మొదలుపెట్టవచ్చు. మైన్‌క్రాఫ్ట్ ఒకసారి కొంటే చాలు. వార్‌క్రాఫ్ట్ 20వ స్థాయి వరకు ఉచితం, ఆ తర్వాత నెలనెలా చందా. ఫోన్ మాత్రమే ఉన్నవారికి ఆల్బియన్, రూన్‌స్కేప్, మైన్‌క్రాఫ్ట్ మిగులుతాయి. ఈవ్, వార్‌క్రాఫ్ట్‌లకు కంప్యూటర్ తప్పదు.

సెకండ్ లైఫ్‌ను కొందరు ఆటగానే లెక్కించరు. 2003లో లిండెన్ ల్యాబ్ ప్రారంభించిన ఈ లోకంలో గెలుపోటములు లేవు. ఇళ్లు, బట్టలు, వీధులు దాదాపు అన్నీ అక్కడివారు చేసినవే, చేసినవాటి మీద హక్కులూ వారివే. అక్కడి లిండెన్ డాలర్లను అసలు డాలర్లుగా మార్చుకోవచ్చు. 2007లో స్వీడన్, మాల్దీవులు అక్కడ రాయబార కార్యాలయాలు కూడా తెరిచాయి. ఏదైనా తయారు చేసే అలవాటు ఉన్నవారికి, ముఖ్యంగా బొమ్మలు మలచడం, దుస్తుల నమూనాలు గీయడం తెలిసినవారికి ఇది తగిన చోటు. భూమి కావాలంటే నెలనెలా రుసుము కట్టాలి, మానేస్తే ఇల్లు మాయమవుతుంది. పని చెప్పేవారు ఉంటే తప్ప తోచనివారికి మొదటి గంటలోనే ఇక్కడ విసుగు పుడుతుంది.

లోకం ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూసుకోవాలి. ఆటగాళ్లు ఊళ్లు కట్టుకుని, ఒకరి వృత్తి మీద ఒకరు ఆధారపడి బతికిన స్టార్ వార్స్ గేలక్సీస్ లోకాన్ని 2011 డిసెంబరు 15న మూసేశారు, ఊళ్లన్నీ ఒకేసారి పోయాయి. మైన్‌క్రాఫ్ట్‌కు ఆ భయం తక్కువ. అందులో లోకమంటే మీ కంప్యూటర్‌లో ఉండే ఒక ఫోల్డర్, నకలు తీసి దాచుకోవచ్చు.

ఇంతకీ ఏది తీసుకోవాలి? పిల్లలు, అక్కాచెల్లెళ్లు, విదేశాల్లో ఉన్న బాబాయిలు కలిసి ఒక చోటు కట్టుకోవాలంటే మైన్‌క్రాఫ్ట్ తప్ప మరొకటి చెప్పను. యజమాని కాకుండా పదిమంది ఒకేసారి ఆడగల రియల్మ్ అనే సొంత సర్వర్‌ను అద్దెకు తీసుకుంటే, ఒకరి కంప్యూటర్ ఆపినా మిగిలినవారు లోపలికి వెళ్లగలరు. న్యూజెర్సీలో రాత్రి తొమ్మిదైతే వేసవి లెక్కన హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నర. ఒకరు ఆపిన గోడను మరొకరు పొద్దున్నే అందుకోవచ్చు. ఎవరి జోలికీ పోకుండా ఏళ్ల తరబడి తీరిగ్గా పెంచుకునేది కావాలంటే రూన్‌స్కేప్. మంచి కథ, మంచి జట్టు కావాలంటే వార్‌క్రాఫ్ట్. నిజంగా నష్టపోవడానికి సిద్ధపడి, పదిమందితో మాట కలిపి, కాపలాకు లేవగలిగితేనే ఈవ్. ఒంటరిగా వెళ్తే అది వారంలో విసిగిస్తుంది. అందుకే మొదటి రోజే ఒక కార్పొరేషన్‌లో, అంటే ఆటగాళ్ల బృందంలో చేరండి.

తేల్చుకోలేకపోతున్నవారికి ఆల్బియన్ మంచి తూనిక. ఫోన్‌లోనే ఆడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు. రెండు వారాలు నీలం, పసుపు ప్రాంతాల్లో తిరగండి. మూడో వారం పోయినా బాధ లేనంత సరుకును ఎద్దు మీద వేసుకుని ఒక్కసారి ఎర్ర దారిన కేర్లియన్‌కు వెళ్లండి. దారిలో దోచుకున్నారే అనుకుందాం. ‘ఈసారి ఎలా వెళ్లాలి’ అని ఆలోచిస్తూ నిద్రపోతే ఈవ్‌కు మారినా మీకు నచ్చుతుంది. ఫోన్ పక్కన పడేసి తిట్టుకుంటే ఫలాడోర్ దక్షిణాన టమాటా మడి ఖాళీగానే ఉంటుంది.